కారులో పెట్టుకునే రెస్క్యూ చాకు: కాలవ కట్టల మీద తిరిగేవాడి మాట

కారులో ప్రాణం మీదికొచ్చినప్పుడు తీసే చాకుకు మొన సూదిగా ఉండకూడదు. ఎవరు ఏ చాకు కొనాలని అడిగినా నేను ముందు చెప్పేది ఇదే. స్టీలు, కంపెనీ, ధర, అన్నీ దాని తర్వాతే.

మాది రొయ్యల మేత వ్యాపారం. నెల్లూరు వైపు అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట గుంటల మీద తిరుగుతుంటా. అప్పుడప్పుడు ఒంగోలు దాటి కొత్తపట్నం దాకా పోవాలి. పదహారో నంబరు హైవే వెడల్పుగానే ఉంటుంది కాబట్టి అక్కడ అంత భయం లేదు. భయమంతా కట్టల మీదే. ఒక పక్క గుంట, ఇంకో పక్క కాలవ, మధ్యలో ఒక్క బండి పట్టే దారి. ఎదురుగా లారీ వస్తే చక్రాన్ని మెత్తటి అంచు మీదికి దించక తప్పదు. 2023 జులైలో దర్శి దగ్గర పెళ్లివాళ్ల బస్సు సాగర్ కాలవలో పడి ఏడుగురు పోయారు. ఆ వార్త చదివాకే ఈ చాకు తెప్పించా. అప్పటి నుంచి అది నా కారు దిగలేదు.

దీని బ్లేడు మూడంగుళాలు ఉంటుంది. చివర గుండ్రంగా మొద్దుగా, అంచు సగం నున్నగా, సగం రంపపు పళ్లతో ఉంటుంది. పిడి వెనక సీటు బెల్టు కోసే కొక్కెం, పిడి అడుగున అద్దం పగలగొట్టే చిన్న కార్బైడ్ మొన ఉన్నాయి. స్టీలు మామూలు 440సి రకం.

మొన ఎందుకు మొద్దుగా ఉండాలో ఉలవపాడు దగ్గర కళ్లారా చూశా. మామిడికాయల అంగళ్లు దాటాక బైకు వెనక కూర్చున్న ఒకమ్మాయి చున్నీ చక్రంలో చుట్టుకుపోయింది. బండి ఆగింది గానీ చున్నీ మెడకు బిగుసుకుపోయింది. మనిషి వెనక్కి వంగిపోయి, మాట రాక చేతులు కొట్టుకుంటోంది. వాళ్లన్న చక్రాన్ని వెనక్కి తిప్పబోతున్నాడు, గొలుసు అడ్డం పడుతోంది. చున్నీకీ మెడకూ మధ్య వేలు కూడా పట్టని సందు. ఆ సందులోకి బ్లేడు చదునుగా దూర్చి, పదును బయటికి తిప్పి లాగితే ఒక్క లాగుకు తెగింది. అదే సూది మొన చాకైతే ఆ సందులో పెట్టడానికి నాకు ధైర్యం వచ్చేది కాదు. ఆ అమ్మాయి అంతగా కొట్టుకుంటోంది మరి. బెల్టులో ఇరుక్కున్న మనిషి పరిస్థితీ అంతే. కదలకుండా కూర్చుని కోయించుకునేవాళ్లు ఎవరుంటారు?

కొన్న కొత్తలోనే ఆటోనగర్‌లో పాత బండ్లు విప్పే అంగడికి పోయి, ఒక సీటు బెల్టు, ఒక పాత తలుపు ఇప్పించుకుని పరీక్ష చేశా. బెల్టును పైన కట్టి, కింద పాతిక కిలోల మేత బస్తా వేలాడదీశా. బిగుతుగా ఉన్న బెల్టు మీద కొక్కెం పెట్టి ఏటవాలుగా లాగితే సర్రున తెగింది. బస్తా తీసేసి బెల్టు వదులు చేస్తే మాత్రం అదే కొక్కెంలో బెల్టు మడతపడి ఇరుక్కుపోయింది. నున్నటి బ్లేడు దాని మీద జారిపోతుంది. పళ్లున్న భాగంతో ముందుకీ వెనక్కీ రాస్తేనే పట్టుకుంది. అంటే ఒక చేత్తో బెల్టును లాగి పట్టుకోవాలి, రెండో చేత్తో కోయాలి. ఇది కొన్న రోజే ఒకసారి చేసి చూసుకోకపోతే ఆపదలో చెయ్యికి తట్టదు. బండి తిరగబడి మనిషి తలకిందులుగా వేలాడుతుంటే, కోసేముందు భుజాలకు ఎవరైనా ఆసరా పట్టాలి. లేకపోతే బెల్టు తెగిన క్షణంలో తల పైకప్పుకు కొట్టుకుంటుంది, మెడ పోతుంది. మంటో నీళ్లో లేనప్పుడు అసలు కోయొద్దు. 108 వచ్చేదాకా మనిషిని కదపకుండా ఉండటమే మేలు.

ఇక అద్దం. ఇక్కడ నాకు ఈ చాకు మీద పూర్తి నమ్మకం లేదు. అంగట్లో పాత తలుపు అద్దం నడిమధ్య పిడి మొనతో కొడితే టంగుమని ఎగిరొచ్చింది. విప్పే కుర్రోడు, "అట్ట కాదన్నా, మూల మీద కొట్టు" అన్నాడు. మూల మీద ఇంకాస్త గట్టిగా కొడితే మొత్తం ఒక్కసారే కల్లుప్పు రాలినట్టు రాలిపోయింది. నేల మీద నిలబడి చెయ్యి బాగా విసిరే చోటుంటేనే ఇది కుదిరింది. కారు లోపల, నడుము లోతు నీళ్లలో, చెయ్యి అంత వేగంగా ఆడదు. అందుకే స్ప్రింగుతో పనిచేసే చిన్న పంచి వేరుగా కొన్నా. దాన్ని అద్దానికి ఆనించి అదిమితే చాలు, లోపలి మొన తన్నుతుంది, చెయ్యి విసిరే పనే లేదు. అమెరికాలో ఏఏఏ అనే వాహనదారుల సంస్థ 2019లో ఆరు పరికరాలు పరీక్షిస్తే, టెంపర్డ్ అనే మామూలు గట్టి అద్దాన్ని నాలుగు పగలగొట్టాయి. అందులోనూ సుత్తి రకాల కన్నా స్ప్రింగువే మెరుగని తేలింది. మధ్యలో ప్లాస్టిక్ పొర అంటించిన లామినేటెడ్ అద్దాన్ని మాత్రం ఆరింటిలో ఒక్కటీ పగలగొట్టలేకపోయింది.

మన బండ్లలో ముందు అద్దం లామినేటెడే. కాబట్టి దాని మీద బలం వృథా చేసుకోవద్దు. పక్క అద్దాలు మామూలుగా టెంపర్డ్. కొన్ని ఖరీదైన కార్లలో అవి కూడా లామినేటెడ్ వేస్తున్నారు. అద్దం కింది మూలలో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, ఈ రోజే దిగి చూసుకోండి. ఎండకని ఫిల్ము అంటించిన అద్దమైతే పగిలినా ముక్కలు ఫిల్మును పట్టుకుని నిలబడతాయి, తోసి విరగ్గొట్టాలి.

కాలవలో పడితే ముందు చేయాల్సింది అద్దం పగలగొట్టడం కూడా కాదు. కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ మునిగే కార్ల మీద ఎన్నో పరీక్షలు చేసి చెప్పిన వరస ఇది: బెల్టు తీయి, అద్దం దించు, పిల్లల్ని ముందు బయటికి పంపు, నువ్వు బయటపడు. కారు తేలే మొదటి నిమిషంలోనే ఇదంతా జరగాలి. నీళ్లు అద్దం ఎత్తుకు వచ్చాక ఆ ఒత్తిడికి అద్దం దిగదు. తలుపు తెరవబోతే ఉన్న సమయం కాస్తా పోతుంది. బటను పనిచేస్తుండగానే అద్దం దించేస్తే పంచి అవసరమే రాదు.

చాకు ఎక్కడ పెట్టాలన్నది ఏ చాకు కొనాలన్నదంత పెద్ద సంగతి. డ్యాష్‌బోర్డు అరలో పెడితే ఉన్నా లేనట్టే. గుద్దుకున్నప్పుడు ఆ మూత బిగుసుకోవచ్చు, బెల్టు పట్టేసిన మనిషికి చెయ్యి అంతదూరం అందదు. నాది గేరు పక్కన, ఎడమ చేతికి అందేట్టు ఉంటుంది, పక్క సీట్లో మా ఆవిడకూ అందుతుంది. జిగురు పట్టీతో అంటిస్తే నెల్లూరు మే నెల ఎండకు ఆ జిగురు కరిగి చాకు కిందపడేది. రెండు స్క్రూలతో బిగించాక నిలబడింది. కొనేటప్పుడు అంగట్లోనే ఎడమ చేత్తో తెరిచి చూడండి. బొటనవేలికి కంత రెండు వైపులా ఉంటే ఏ చేతికైనా తెరుచుకుంటుంది. ఒక్క వైపే బొడిపె ఉన్నవి కుడిచేతికే పనికొస్తాయి.

ఉప్పు గాలికి 440సి మీద చిన్న చిన్న తుప్పు చుక్కలు వచ్చాయి, మడత దగ్గర ఎక్కువ. కొబ్బరినూనె రాస్తే జిడ్డుకట్టి ఇసుక పట్టేసింది, కుట్టుమిషను నూనె బాగుంది. స్పైడర్కో అనే చాకుల కంపెనీ వాళ్లు హెచ్1 అనే స్టీలుతో చాకులు చేశారు. అందులో కార్బన్ బాగా తగ్గించి నత్రజని కలుపుతారు కాబట్టి సముద్రపు నీళ్లకూ తుప్పు పట్టదు. ధర మాత్రం చాలా ఎక్కువ. నెలకోసారి తుడుచుకునే ఓపిక ఉంటే 440సి చాలు.

దీంతో మేత బస్తాల కుట్లు కోయనివ్వను, ఎవరడిగినా ఇవ్వను. రంపపు పళ్లు మొద్దుబారితే మామూలు సానరాయి మీద పదును రాదు, సన్నటి కడ్డీతో ఒక్కో పన్నూ రాయాలి. బస్తాలకు వేరే చాకు ఉంది.

చట్టం సంగతి చాలామంది అడుగుతారు. ఆయుధాల నిబంధనల్లో లెక్కకొచ్చేది బ్లేడు తొమ్మిది అంగుళాల పొడవో, రెండంగుళాల వెడల్పో దాటిన చాకు. మూడంగుళాల మడత చాకు అందులోకి రాదు. విమానంలో మాత్రం చేతి సంచిలో పెట్టుకోనివ్వరు.

నాకు నచ్చనిది నల్ల పిడి. నల్ల మ్యాటు మీద పడితే పగలే వెతుక్కోవాలి, ఇక రాత్రి సంగతి చెప్పనక్కర్లేదు. ఎర్ర టేపు చుట్టి వాడుతున్నా. మా తమ్ముడికి నారింజ రంగు పిడిది తెప్పించి, పంచితో పాటు వాడి కారులో గేరు పక్కన నేనే బిగించి ఇచ్చా.