చేతికి అంటించుకునే షుగర్ సెన్సర్: కొనవచ్చా?

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో బియ్యం కొట్టు నాది. ఇన్సులిన్ మీద ఉన్నాను. మా అమ్మాయి పట్టుబట్టి ఈ సెన్సర్ తెప్పించింది. మోచేతికి పైన, వెనకవైపు అంటించుకుంటే 14 రోజులు పనిచేస్తుంది. ఫోనులో అంకె, పక్కన బాణం కనబడతాయి. ఇదంతా పెట్టె మీదే రాసి ఉంటుంది. నాకు పనికొచ్చింది వేరే.

కొన్నాళ్లుగా భోజనమయ్యాక ఒక్కోరోజు కడుపులో బండ పెట్టినట్టుండేది. అదే అన్నం, మామిడికాయ ముక్క వేసిన అదే చేపల పులుసు మరో రోజు హాయిగా దిగేవి. నేను చింతపండును, మా ఆవిడ నూనెను తిట్టేవాళ్లం. సెన్సర్ పెట్టాక చూస్తే, బరువనిపించిన రోజుల్లో ఎక్కువసార్లు విస్తరి ముందు కూర్చునేసరికే అంకె 250 దాటి ఉంది. డాక్టరుగారు విడమరిచి చెప్పారు. రక్తంలో చక్కెర బాగా పెరిగినప్పుడు పొట్ట తిన్నదాన్ని పేగుల్లోకి నెమ్మదిగా వదులుతుంది. పైగా పొట్ట సాగడం మామూలుకన్నా ఎక్కువగా తెలుస్తుంది. నాలుగు ముద్దలకే నిండిపోవడం, ఉబ్బరం, వికారం అందుకేనట. ఇంకో చిక్కు, ఇన్సులిన్ తన వేళకు పని మొదలుపెడుతుంది, అన్నమేమో ఇంకా పొట్టలోనే ఉంటుంది. అప్పుడు అంకె ముందు పడి, తరువాత ఎగబాకుతుంది. ఏళ్ల తరబడి షుగరుతో నరాలు దెబ్బతిన్నవారిలో ఈ మందగింపు శాశ్వతంగానూ ఉండవచ్చు. ఆ సంగతి డాక్టరే తేల్చాలి, సెన్సర్ కాదు.

చక్కెర పడిపోయేటప్పుడు మాత్రం కడుపే ముందు చెబుతుంది. ఈ పరికరం కొలిచేది రక్తాన్ని కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవాన్ని. అందుకే కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. ఒక మధ్యాహ్నం బస్తాలు తూకం వేయిస్తుంటే కడుపు నకనకలాడింది, చేతులు వణికాయి. ఫోనులో 92. వేలు పొడిచి గ్లూకోమీటరుతో చూస్తే 64! ఎదురుగా మలై కాజాల పొట్లం ఉంది, మనసు అటే లాగింది. కానీ నెయ్యి, పాలకోవా ఉన్నది త్వరగా ఒంటపట్టదు. గ్లూకోజు పొడి నీళ్లలో కలుపుకుని తాగాను.

మన మే నెల చెమటకు పట్టీ అంచులు లేస్తాయి. ఆ చెయ్యి మీద ఒత్తిగిలి పడుకుంటే లేని లో-షుగర్ చూపించి అర్ధరాత్రి అలారం మోగిస్తుంది, ఇంటిల్లిపాదీ లేస్తారు. వేలల్లో ఖరీదు కాబట్టి నెలనెలా కొనడం నా వల్ల కాదు. మందు మోతాదు మార్చినప్పుడు ఒకటి కొంటే చాలు. అంటించే ముందు చర్మాన్ని స్పిరిటుతో తుడిచి బాగా ఆరనివ్వండి. పాత గ్లూకోమీటరును అటక మీద పెట్టేయకండి.