నాలుగు ఛానళ్లు చాలు: మైన్‌క్రాఫ్ట్ సర్వర్ చాట్ మీద నా సమీక్ష

మైన్‌క్రాఫ్ట్ అంటే బ్లాకులు తవ్వి, పేర్చి కట్టుకుంటూ ఆడే గేమ్. అందులో చాలామంది ఒకే ప్రపంచంలో కలిసి బతుకుతూ ఆడే ఒక సర్వైవల్ సర్వర్‌లో కొన్నేళ్లుగా ఆడుతున్నాను. మొదట్లో అక్కడ అందరికీ కలిపి ఒకటే చాట్. గేమ్ సొంతంగా ఇచ్చేది కూడా దాదాపు అంతే. కీబోర్డు మీద టీ అక్షరం నొక్కి ఏం టైప్ చేసినా సర్వర్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ కనిపిస్తుంది. ఒక్కరితోనే మాట్లాడాలంటే స్లాష్ ఎంఎస్‌జీ, టీమ్‌తో అయితే స్లాష్ టీఎం అనే కమాండ్లు ఉన్నాయి. గ్లోబల్ (అందరికీ), లోకల్ (దగ్గరివాళ్లకు), ట్రేడ్ (బేరాలకు), క్లాన్ (సొంత జట్టుకు) అంటూ మనం చూసే ఛానళ్లన్నీ సర్వర్ నడిపేవాళ్లు ప్లగిన్లతో, అంటే సర్వర్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాములతో, పెట్టుకున్నవే. అందుకే ఒక సర్వర్‌లో చేతికి అలవాటైన కమాండ్ ఇంకో సర్వర్‌లో పనిచేయదు. మా సర్వర్‌లో జనం పెరిగాక ఛానళ్లు వచ్చాయి. అప్పటినుంచి వాడుతూ చూసిన మంచీ చెడూ ఇక్కడ రాస్తున్నాను.

ఛానళ్లు ఎందుకు అవసరమో తెలియాలంటే చాట్ తెర మీద ఎంతసేపు ఉంటుందో చూడాలి. వచ్చిన లైను 10 సెకన్లలో మాయమైపోతుంది. చాట్ తెరిచి పైకి స్క్రోల్ చేస్తే పాతవి కనిపిస్తాయి, కానీ గేమ్ దాచుకునేది చివరి 100 లైన్లే. జనం బాగా ఉన్న సాయంత్రం పూట ఆ 100 లైన్లు నిండడానికి ఎంతోసేపు పట్టదు. గనిలో లావా పక్కన నిలబడి తవ్వుకుంటున్నవాడు మీ ప్రశ్న చూసేలోపే అది పైకి వెళ్లిపోయి ఉంటుంది. కాబట్టి మాట్లాడేవాళ్లు ఎక్కువైనప్పుడు ఎవరి మాట ఎవరికి వినపడకూడదో తేల్చుకోవాలి. ఛానళ్ల అసలు పని అదే.

అన్నిటికన్నా నాకు నచ్చింది, అన్నిటికన్నా చిరాకు పెట్టింది కూడా, లోకల్ చాట్. మీ చుట్టూ ఇన్ని బ్లాకుల దూరంలో ఉన్నవాళ్లకే మీ మాట చేరుతుంది. ఎసెన్షియల్స్‌ఎక్స్ లాంటి ప్లగిన్లలో ఆ దూరాన్ని అడ్మిన్ నిర్ణయిస్తాడు. మాట ముందు ఆశ్చర్యార్థకం పెడితే అది అందరికీ వెళ్లే కేక అవుతుంది. లోకల్ వచ్చాక మా సర్వర్‌లో ఊళ్లు నిజంగా ఊళ్లలా అనిపించడం మొదలైంది. పక్కింటి ఆటగాడితో గోడ ఎంత ఎత్తు కట్టాలో మాట్లాడుకుంటుంటే మిగతా సర్వర్‌కు ఆ గొడవ లేదు.

అయితే దూరం కొలిచేటప్పుడు ప్లగిన్ గోడలను చూడదు. రాయి అడ్డం ఉన్నా, మట్టి అడ్డం ఉన్నా మాట దూరిపోతుంది. ఒకసారి మా క్లాన్ బేస్ కింద లోతుగా తవ్వుకుంటూ వచ్చిన ఇద్దరు, మా గిడ్డంగిలోకి ఎటునుంచి దూరాలో లోకల్‌లోనే తీరిగ్గా చర్చించుకున్నారు. పైన కూర్చున్న మేమందరం చదువుతూనే ఉన్నాం. పాపం, వాళ్లు తలుపు తీసేసరికి అందరం ఎదురుగా వరసగా నిలబడి ఉన్నాం. దాక్కోవాలనుకునేవాళ్లు లోకల్‌లో నోరు మెదపకూడదని అప్పటినుంచి మా సర్వర్‌లో అందరికీ తెలుసు.

ఇక చిరాకు సంగతి. లోకల్‌ను డిఫాల్ట్‌గా పెడితే కొత్తవాళ్లు నిలబడరు. ఎవరో కొత్తగా చేరి, పుట్టిన చోటునుంచి కాస్త దూరం నడిచి హాయ్ అంటారు. చుట్టుపక్కల మనిషి లేడు. జవాబు రాదు. ఖాళీ సర్వర్ అనుకుని వెళ్లిపోతారు. ఆ సమయంలో గ్లోబల్‌లో మంచి సందడే ఉండవచ్చు, కానీ వాళ్లు మాట్లాడింది అక్కడ కాదు. మా వాళ్లు దీన్ని అర్థం చేసుకోవడానికి చాలా కాలం పట్టింది. చివరికి డిఫాల్ట్‌ను గ్లోబల్‌కు మార్చి, లోకల్‌ను కోరుకున్నవాళ్లకే వదిలారు. తక్కువ మంది ఉండే సర్వర్లకైతే లోకల్ అసలు వద్దనే నా అభిప్రాయం. ఉన్న పదిమందినీ మ్యాపంతా చెదరగొట్టి, పైగా ఒకరి మాట ఒకరికి వినపడకుండా చేయడం దేనికి?

ట్రేడ్ ఛానల్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పనిముట్లను బాగుచేసే మెండింగ్ పుస్తకాలు, వజ్రాలు, ఎగరడానికి వాడే ఎలిట్రా రెక్కల బేరాలన్నీ అక్కడికి పోవడంతో గ్లోబల్ శుభ్రపడింది. ఒక ప్రకటనకూ మరో ప్రకటనకూ మధ్య కొంత విరామం తప్పనిసరి చేయకపోతే మాత్రం అది స్పామ్ గుంట అవుతుంది. అక్కర్లేనివాళ్లు దాన్ని ఆపేసుకునే వీలూ ఉండాలి.

క్లాన్ చాట్‌లోనే అసలు టెన్షన్. చాలా ప్లగిన్లలో ఛానల్ వాడే పద్ధతులు రెండు. ఒకటి, కమాండ్ కొట్టి ఆ ఛానల్‌లోకి మారిపోవడం. మళ్లీ మార్చేదాకా మీరు టైప్ చేసినదంతా అక్కడికే పోతుంది. రెండోది, ప్రతి మాట ముందు చిన్న కమాండ్ పెట్టడం, ఆ ఒక్క మాటే ఆ ఛానల్‌కు వెళ్తుంది. మొదటిది సుఖంగా ఉంటుంది, కానీ ప్రమాదం. ఎందుకంటే టైప్ చేసే పెట్టెలో మీరు ఏ ఛానల్‌లో ఉన్నారో ఎక్కడా కనిపించదు. ఎంటర్ నొక్కాక రంగు చూసి తెలుసుకోవాలి, అప్పటికే అందరూ చదివేసి ఉంటారు. మా క్లాన్‌లో ఒకతను సర్వర్ రీస్టార్ట్ తర్వాత తన ఛానల్ గ్లోబల్‌కు మారిపోయిందని తెలియక, మా బేస్ ఎక్కడుందో చెప్పే ఎఫ్3 తెరమీది కోఆర్డినేట్స్‌ను అక్షరం పొల్లుపోకుండా సర్వర్ అందరికీ పంపించాడు. ఆ రాత్రి మా పెట్టెల్లో మిగిలింది రాళ్లూ గోధుమ గింజలే. అతన్ని తప్పుపట్టలేను. చెప్పకుండా ఛానల్ మార్చే ప్లగిన్‌దే తప్పు.

ఇప్పుడు మా క్లాన్‌లో అందరం రెండో పద్ధతే వాడుతున్నాం. కాస్త ఎక్కువ టైప్ చేయాలి. ముందు పెట్టే కమాండ్ అక్షరాలు కూడా ఒక సందేశానికి ఉన్న 256 అక్షరాల హద్దులోకే లెక్కకొస్తాయి, అయినా అది పెద్ద ఇబ్బంది కాదు. 1.11 వెర్షన్‌కు ముందు ఆ హద్దు 100 అక్షరాలే కాబట్టి అప్పట్లో బాధగా ఉండేదేమో. కీబోర్డు మీద పైకి బాణం నొక్కితే మీ పాత సందేశం తిరిగొస్తుంది. కమాండ్ ఉంచి మిగతాది చెరిపేసి రాసుకుంటే సగం శ్రమ తగ్గుతుంది.

రంగుల గురించి ఒక మాట. ఛానల్‌కో రంగు ఇవ్వడం మంచిదే, కానీ లేత ఆకుపచ్చకూ పసుపుకూ తేడా గేమ్‌లోని ఎడారి ప్రాంతంలో పట్టపగలు ఎవరికి కనబడుతుంది? రంగుతోపాటు మాట ముందు ఛానల్ పేరుకు చిన్న గుర్తు ఉంటేనే ఉపయోగం. రంగులు సరిగా కనిపించనివాళ్లకు అది లేకపోతే అన్ని ఛానళ్లూ ఒకటే.

ప్రైవేట్ సందేశాలు నిజంగా ప్రైవేట్ అని చాలామంది నమ్ముతారు. కాదు. స్లాష్ ఎంఎస్‌జీతో పంపిన మాటలను సర్వర్ లాగ్‌లోకి ఎక్కించుకోవచ్చు, ఎసెన్షియల్స్‌ఎక్స్‌లో ఇతరుల ప్రైవేట్ మాటలు చూపించే సోషల్‌స్పై ఆన్ చేసుకున్న స్టాఫ్‌కు అవి అప్పటికప్పుడే కనిపిస్తాయి. వేధింపులను పట్టుకోవడానికి ఈ సదుపాయం కావాలి, ఒప్పుకుంటాను. కానీ ఆ సంగతి నియమాల బోర్డు మీద రాయకుండా ఉంచడం నాకు నచ్చదు. మా సర్వర్‌లో ఆటగాళ్లు గట్టిగా అడిగాకే రాశారు.

2022 జూలైలో వచ్చిన 1.19.1 నుంచి చాట్ సందేశాలను నేరుగా మైన్‌క్రాఫ్ట్‌కే రిపోర్ట్ చేసే వీలు వచ్చింది. అయితే చాలా ఛానల్ ప్లగిన్లు మన మాటను సర్వర్ సందేశంగా మార్చి పంపుతాయి. అలాంటివాటి పక్కన బూడిద రంగు గీత ఉంటుంది, వాటిని ఆ దారిలో రిపోర్ట్ చేయలేం. అంటే ట్రేడ్‌లోనో క్లాన్‌లోనో ఎవరైనా బూతులు తిడితే మీకున్న దారి సర్వర్ మోడరేటర్లే. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఎఫ్2 నొక్కితే చాలు. మాటలు వినలేకపోతే ఆ ఆటగాడి సందేశాలు మీకు కనిపించకుండా చేసే స్లాష్ ఇగ్నోర్ మా సర్వర్‌లో ఉంది. నేను దాన్ని మొహమాటం లేకుండా వాడతాను.

గ్లోబల్‌ను గేమ్ బయట ఉండే డిస్కార్డ్ అనే చాట్ యాప్‌కు కలిపారు కూడా. గేమ్‌లో లేనివాళ్లూ అక్కడినుంచి మాట్లాడతారు, బాగానే ఉంది. కాకపోతే వాళ్లు పంపే పొడుగాటి లింకులు చదువుతుండగా వెనకనుంచి క్రీపర్ అనే రాక్షసి వచ్చి పేలిపోతుంది.

ఇవి కాక మా సర్వర్‌లో ఈవెంట్లకు ఒకటి, బిల్డింగ్‌కు ఒకటి, రోల్‌ప్లేకు ఒకటి, భాషలకు కొన్ని ఛానళ్లు ఉన్నాయి. భాషల ఛానళ్లకు గట్టి గిరాకీ ఉంది, వాటిని ముట్టుకోవద్దు. బిల్డింగ్, రోల్‌ప్లే ఛానళ్లలో నేను చేరిన తర్వాత ఎవరూ మాట్లాడగా చూడలేదు. ఎవరైనా కొత్త సర్వర్ పెడుతుంటే గ్లోబల్, ట్రేడ్, క్లాన్, స్టాఫ్‌తో మొదలుపెట్టమంటాను. లోకల్‌ను జనం పెరిగాక చేర్చుకోవచ్చు. నేను మా అడ్మిన్లను ఇంకా అడుగుతున్నది ఒక్కటే: ఏ ఛానల్‌లో ఉన్నానో తెర కింద వస్తువులు వరసగా ఉండే హాట్‌బార్ పైన ఎప్పుడూ కనిపించేలా చూపించమని. ఆ చోట ఉండే యాక్షన్ బార్‌లో అది పెట్టడం ప్లగిన్‌కు పెద్ద పనేం కాదు. చూస్తామన్నారు.