ఒకే బెంజి, రెండు ఇంజిన్లు: అయిదేళ్లు నడిపాక

మా కుటుంబంలో రెండు బెంజి కార్లున్నాయంటే విన్నవాళ్లు ఇంకేదో ఊహించుకుంటారు. రెండూ పాతవే. రెండూ 2014 మోడల్ ఈ-క్లాస్‌లు, కంపెనీ డబ్ల్యూ212 అని పిలిచే తరానివి. ఈ200 పెట్రోల్ నాది, ఈ250 సీడీఐ డీజిల్ మా తోడల్లుడిది. 2021 ఫిబ్రవరిలో పదిరోజుల తేడాతో కొన్నాం. రెండింటికీ పెట్టిన డబ్బు కలిపినా అప్పట్లో కొత్త ఈ-క్లాస్ ఒక్కటి వచ్చేది కాదు.

అప్పట్నుంచి ఎవరి బండి వాళ్లదే అన్న నియమమేమీ పెట్టుకోలేదు. పండక్కి వెళ్లాలంటే ఒకటి, పెళ్లికి వెళ్లాలంటే ఇంకొకటి, సర్వీసుకి ఒకటి వెళ్తే రెండోది. అందుకని రెండింటి గురించీ సొంత బండి గురించి చెప్పినట్టే చెప్పగలను.

బయటికి రెండూ కవల పిల్లలే. బానెట్ కిందే తేడా. పెట్రోల్‌ది 1991 సీసీ టర్బో ఇంజిన్, 184 హార్స్‌పవర్, టార్క్, అంటే లాగే బలం, 300 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు). డీజిల్‌ది 2143 సీసీ, 204 హార్స్‌పవర్, టార్క్ 500 ఎన్ఎం. రెండింటికీ 7 గేర్ల ఆటోమేటిక్, రెండూ వెనక చక్రాలు తిరిగే బండ్లే. కాగితం మీద అందరూ హార్స్‌పవర్ చూస్తారు. నడిపేవాడికి తెలిసేది మాత్రం ఆ 300కీ 500కీ మధ్య ఉన్న తేడా.

కొనేటప్పుడు నా అవసరం వేరు, ఆయన అవసరం వేరు. నాకు అప్పుడు ఇంటి నుంచే ఆఫీసు పని. కారు తీస్తే కూకట్‌పల్లిలో కూరగాయలకి, లేదంటే పిల్లల్ని ఎక్కడికైనా దింపడానికి. ఆయన రోజూ మియాపూర్ నుంచి జడ్చర్ల దాకా సైట్‌కి వెళ్లొచ్చేవారు. నేను పెట్రోల్, ఆయన డీజిల్ అని తేల్చుకోవడానికి పెద్ద చర్చ అక్కర్లేకపోయింది. చర్చంతా ఏ బండి కొనాలన్న దాని మీదే నడిచింది.

డీజిల్ వెతుకుతుంటే పదింట ఆరు ఢిల్లీ నంబర్లే కనిపించాయి. ఎందుకో చాలామందికి తెలిసిందే. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ ప్రాంతంలో తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్ (ఎన్‌జీటీ) చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే మాట ఖాయం చేసింది. దాంతో అక్కడివాళ్లు ఆరో ఏడో ఏడు వచ్చేసరికే వదిలించుకోవడం మొదలుపెట్టారు. అవే లారీలెక్కి హైదరాబాద్ వస్తున్నాయి. అడిగే ధర చూస్తే నోరూరుతుంది. అయితే అక్కడి నుంచి నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) తెచ్చుకుని ఇక్కడ నంబర్ మార్పించుకునేటప్పుడు లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అది మనం కొన్న ధర మీద వెయ్యరు. బండి కొత్తప్పటి ధర పట్టుకుని, వయసును బట్టి శాతం లెక్కేస్తారు. నలభై లక్షలు దాటిన బండికి ఆ శాతం ఎంతవుతుందో మీరే వేసుకోండి. మా తోడల్లుడి ఢిల్లీ బేరంలో మిగిలిందంతా ఆ కౌంటర్ దగ్గరే హరించుకుపోయింది. హైదరాబాద్ నంబరున్న నా పెట్రోల్ బండి ముందు ఖరీదెక్కువ అనిపించింది కానీ, చివర్న చూస్తే ఇద్దరం దాదాపు ఒకే చోట తేలాం.

ఒక బండిని మాత్రం దాదాపు కొనేసేవాళ్లం. తెల్లది, లోపల తళతళలాడుతోంది, ధర కూడా మరీ బాగుంది. 2020 అక్టోబర్ వరదలు అప్పటికింకా మనసులోంచి పోలేదు. సెల్లార్లలో ఎన్ని కార్లు మునిగాయో అందరం చూశాం. మా మెకానిక్ వెనక సీటులో కూర్చుని సీట్‌బెల్టు పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు. మామూలుగా మనం లాగినంత కాదు, రీలులో ఉన్నదంతా బయటికొచ్చేదాకా. చివరి జానెడు బెల్టు మీద ఎండిన టీ మరకలాంటి గీత. గోటితో గీకితే సన్నటి మట్టి రాలింది. సీట్లు కడగొచ్చు, కార్పెట్ మార్చొచ్చు, ఆ చివరి జానెడు మాత్రం ఎవరికీ గుర్తురాదు. మెకానిక్ ఏమీ అనలేదు. బెల్టు వదిలేసి, "పోదాం సార్" అన్నాడు.

ఆ తర్వాత చూసిందే ఇప్పటి డీజిల్. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. "పొద్దుగాల కడిగించినం సార్, అందుకే స్టార్ట్ చేసినం" అన్నాడు అమ్మేవాడు. నిజమే అయ్యుండొచ్చు. కానీ డీజిల్ చూడ్డానికి వెళ్తే ఇంజిన్ వేడిగా ఉందంటే, అమ్మాయిని మేకప్‌తో తప్ప చూపించని పెళ్లిచూపుల్లాంటిదే. ఈ ఇంజిన్‌కి టైమింగ్ చైన్, అంటే వాల్వులు సరిగ్గా సమయానికి తెరుచుకునేలా నడిపే గొలుసు, ముందు వైపు ఉండదు, వెనక గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. అది సాగితే మార్చడానికి ముందున్న నాలుగు బోల్టులు విప్పితే సరిపోదు, పెద్ద భాగాలే దించాలి. సాగిందో లేదో చెప్పేది రాత్రంతా చల్లారిన ఇంజిన్ స్టార్టయిన మొదటి రెండు మూడు క్షణాలు. వేడెక్కి, ఆయిల్ పైకెక్కాక ఆ గలగల వినపడకపోవచ్చు. ఫోన్ చెయ్యకుండా మర్నాడు ఉదయం ఆరున్నరకి వెళ్లాం. వాచ్‌మన్ దుప్పటి కప్పుకునే గేటు తీశాడు. ఈసారి బానెట్ చల్లగా ఉంది. స్టార్ట్ చేస్తే డీజిల్ మోత తప్ప ఇంకే చప్పుడూ లేదు. అప్పుడే అడ్వాన్స్ ఇచ్చాం.

ఇక మోత సంగతి. లోపల అద్దాలెత్తి కూర్చుంటే రెండు బండ్లకీ పెద్ద తేడా తెలియదు. బయట నిలబడితే మాత్రం డీజిల్ దాచుకోలేదు. మొదటి సంక్రాంతికి అమలాపురం వెళ్లినప్పుడు మా మామగారు అరుగు మీద కూర్చుని ఐడిలింగ్‌లో ఉన్న బండిని కాసేపు విని, పెద్దల్లుణ్ణి అడిగారు: "ఏవండీ అల్లుడుగారూ, ఇది బెంజి కారాండీ, ఆయిలింజనాండీ?" కాలవ గట్టు మీద నీళ్లు తోడే ఇంజన్లు చూసి పెరిగిన మనిషి, ఆయనతో వాదించలేం. మా ఇంట్లో ఇప్పటికీ ఆ కారు పేరు ఆయిలింజనే.

అదే ఆయిలింజను చౌటుప్పల్ దాటాక వేరే మనిషైపోతుంది. వందలో వెళ్తుంటే మీటరు మీద ఇంజిన్ నిమిషానికి 1500 చుట్ల దగ్గరే తిరుగుతుంటుంది. ముందు రెండు లారీలు పక్కపక్కన పోటీ పడుతున్నాయి, కుడిది పక్కకి తప్పుకుంది. కాలు కాస్త నొక్కితే చాలు. గేర్ దిగదు, ఇంజిన్ అరవదు, వెనకనుంచి ఎవరో అరచేత్తో నెట్టినట్టు వెళ్లిపోతుంది. పెట్రోల్‌తో అదే పని చెయ్యాలంటే నొక్కాలి, రెండు గేర్లు దిగాలి, ఒక అర క్షణం ఆలోచించుకోవాలి, అప్పుడు పరిగెత్తుతుంది. పరిగెత్తడంలో లోటేమీ లేదు. కానీ నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాన్లు, వచ్చేటప్పుడు రెండు బస్తాల బియ్యం, కొబ్బరికాయలు... ఆ బరువుతో డీజిల్‌కి ఏమీ తెలియదు, పెట్రోల్‌కి తెలుస్తుంది.

సిటీలో కథ తిరగబడుతుంది. కేపీహెచ్‌బీ సిగ్నల్ దగ్గర పెట్రోల్ ఆగిందంటే ఇంజిన్ ఉందా లేదా అనిపిస్తుంది. స్టీరింగ్‌లో చిన్న వణుకు కూడా ఉండదు. ముక్కు భాగం తేలికేమో, ఇరుకు సందుల్లో తిప్పుతుంటే అదే చిన్న బండిలా ఉంటుంది. డీజిల్‌కి కాలు పెడితే చాలు ముందుకు దూకాలని చూస్తుంది. అడుగడుక్కీ బ్రేకు వెయ్యాల్సిన ట్రాఫిక్‌లో ఆ 500 ఎన్ఎం ఎందుకూ పనికిరాదు.

మైలేజీ చెప్పకపోతే మనవాళ్లు సమీక్షని సమీక్షగా ఒప్పుకోరు. మీటరు చెప్పింది కాదు, ట్యాంకు నింపి నింపి నేను రాసుకున్న లెక్క ఇది. పెట్రోల్ సిటీలో 8 లోపే, హైవే మీద 13. డీజిల్ సిటీలో 10న్నర, హైవే మీద 17. ఏడాదికి 9 వేల కిలోమీటర్లు కలగలుపుగా తిరిగితే, లీటరు పెట్రోల్ 107, డీజిల్ 95 రూపాయలు దాటి ఉన్నప్పటి ధరల్లో, తేడా సుమారు 35 వేలు. నేను మామూలు పెట్రోల్ కన్నా ఖరీదైన ప్రీమియం రకం కొట్టించేవాణ్ణి కాబట్టి ఇంకాస్త ఎక్కువే. నెలకి మూడు వేలన్నమాట. ఈ తరహా బండిలో మూడు వేలంటే ఏమిటి? మంచి టైరు ఒక్కటి కొనాలన్నా నాలుగైదు నెలల ఆదా పట్టుకుపోతుంది. అందుకే మైలేజీ కోసం డీజిల్ బెంజి తీసుకుంటానని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. ఆ లాగుడు కోసం తీసుకోండి, ఒప్పుకుంటాను.

పెట్రోల్‌కి ఈమధ్య ఇంకో తలనొప్పి కూడా తోడైంది. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది ఐదో వంతు ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా సుమారు మూడో వంతు తక్కువ, కాబట్టి మైలేజీ కాస్త తగ్గడం మామూలే. నా పుస్తకంలో 13 ఉన్న చోట ఇప్పుడు 12న్నర పడుతోంది. రబ్బరు పైపుల సంగతి ఏమోనని సర్వీసుకి వెళ్లినప్పుడల్లా చూపిస్తున్నాను. ఇప్పటిదాకా ఏమీ లేదు. డీజిల్‌వాళ్లకి ఈ టెన్షన్ లేదు.

ఒక తప్పు నేనే చేశాను. రెండో ఏడు తొందరలో ఇంటి దగ్గర ఒక షెడ్డులో ఆయిల్ మార్పించాను. "ఫుల్లీ సింథటిక్కే సార్" అన్నాడు, నేను డబ్బా తిప్పి చూడలేదు. పెట్రోల్ ఇంజిన్‌కి డబ్బా వెనక 229.5 అనే బెంజి అనుమతి నంబరు ఉండాలి. పొగ ఫిల్టరున్న డీజిళ్లకి 229.51 లాంటిది, తక్కువ బూడిద వచ్చే రకం. వాడు పోసింది ఏ నంబరూ లేనిది. రెండు వారాల తర్వాత మా పాత మెకానిక్ డిప్‌స్టిక్ తీసి వాసన చూసి తల పట్టుకున్నాడు. పోసిందంతా తీయించి మళ్లీ పోయించాను. ఇంజిన్‌కి ఏమీ కాలేదు, జేబుకే అయింది. అప్పట్నుంచి ఆయిల్ నేనే కొనుక్కుని, సీలు తీయని డబ్బాలు డిక్కీలో వేసుకుని వెళ్తున్నాను.

మిగతా ఖర్చులు రెండింటికీ ఒకటే. మన గుంతలకీ స్పీడ్ బ్రేకర్లకీ సస్పెన్షన్ బుష్‌లు అరుగుతాయి, బ్రేకు ప్యాడ్లు, బ్యాటరీ, టైర్లు మామూలే. వెనక సీటు సుఖం కూడా ఒకటే, ముగ్గురు కూర్చుంటే మధ్యవాడి కాళ్లకి అడ్డొచ్చే నేల మీది దిమ్మె కూడా ఒకటే.

అసలు మలుపు 2023లో వచ్చింది. మా తోడల్లుణ్ణి సైట్ నుంచి సిటీ ఆఫీసుకి మార్చారు. ఇంటికి నాలుగు కిలోమీటర్లు. అటు నేను నెలకి రెండుసార్లు ఊరెళ్లడం మొదలుపెట్టాను, అమ్మకి ఆరోగ్యం బాగుండక. ఆరు నెలలు తిరక్కుండానే ఆయిలింజను డాష్‌బోర్డు మీద ఇంజిన్ గురించి హెచ్చరించే పసుపు లైటు వెలిగింది. పొగని తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసి పట్టుకుపోయింది. మెకానిక్ దాన్ని విప్పి మాకు చూపించాడు. వేలెడు దారి ఉండాల్సిన చోట పెన్సిల్ దూరేంత సందు, చుట్టూ మెరిసే నల్లటి జిగురు. "డీజిల్ బండిని తిప్పాలె సార్. నాలుగు కిలోమీటర్లకి ఇంజినే గరం కాదు. బండిది తప్పు కాదు, మీదే" అన్నాడు. కడిగి బిగించినందుకు తీసుకున్న డబ్బు కన్నా ఆ మాట విలువే ఎక్కువ.

ఆ ఆదివారం భోజనాలయ్యాక తాళాలు మార్చుకున్నాం. ఆర్‌సీలు, ఇన్సూరెన్సులు ఎవరి పేరు మీదవి వాళ్లకే ఉన్నాయి, బండ్లు మాత్రం ఇల్లు మారాయి. ఆయిలింజను ఇప్పుడు నెలకి రెండుసార్లు గోదావరి దాకా వెళ్లొస్తోంది, పసుపు లైటు మళ్లీ వెలగలేదు. నా పెట్రోల్ బండి ఆయన దగ్గర హాయిగా సిగ్నళ్ల మధ్య బతుకుతోంది. నాకు దాని నిశ్శబ్దం గుర్తొస్తూనే ఉంటుంది, ముఖ్యంగా తెల్లవారుజామున సెల్లార్‌లో ఆయిలింజను స్టార్ట్ చేసి అపార్ట్‌మెంట్ మొత్తాన్ని లేపినప్పుడు.

ఫాస్టాగ్ మాత్రం ఇంకా ఆయన ఖాతాదే. టోల్ దాటినప్పుడల్లా మెసేజ్ ఆయనకే వెళ్తుంది. మొన్న పంతంగి దాటిన రెండు నిమిషాలకి ఫోన్ మోగింది. "తమ్ముడూ, ఇంత లేటుగా బయల్దేరావేంటి? చిల్లకల్లు దాకా ఆగకు, సూర్యాపేటలోనే టిఫిన్ చేసెయ్."