క్వెంకా: ముందు రాళ్లు, ఆ తర్వాతే ఊరు

మేం ఉండే మాడ్రిడ్ నుంచి, స్పెయిన్‌లోనే ఉన్న క్వెంకా అనే పాత కొండ ఊరికి రెండుసార్లు వెళ్లాం. మొదటిసారి రైల్లో వెళ్లి, ఊరు మాత్రం చూసి, ఆ సాయంత్రమే తిరిగొచ్చేశాం. రెండోసారి పోయిన అక్టోబరులో, అమ్మ మా దగ్గరికి వచ్చినప్పుడు కారులో వెళ్లాం. పొద్దున ఊరికి దూరంగా కొండ మీద ఉన్న వింత ఆకారాల రాళ్లు చూసి, మధ్యాహ్నం నుంచి ఊళ్లో తిరిగాం. ఒకే ఊరు రెండోసారి ఇంకోలా కనిపించింది. అందుకే, ఒక్క రోజే చేతిలో ఉన్నవాళ్లు రాళ్లు ముందు చూడాలని, ఊరు తర్వాత చూడాలని గట్టిగా చెప్తున్నాను.

వెళ్లడం గురించి ముందు చెప్తాను. హైస్పీడ్ రైలు గంటలోపే చేరుస్తుంది. 2010 చివర్లో ఈ లైను వచ్చింది. పాత మామూలు రైలు 2022లో ఆగిపోయింది కాబట్టి రైలంటే ఇప్పుడు ఇదే. స్టేషన్ ఊరికి ఐదారు కిలోమీటర్ల దూరంలో ఉంది, అక్కడి నుంచి సిటీ బస్సు ఎక్కాలి. మాడ్రిడ్‌లో రెండు పెద్ద స్టేషన్లున్నాయి. మీ రైలు ఎక్కడి నుంచి బయల్దేరుతుందో టికెట్ మీద చూసుకోకపోతే పొద్దున్నే టెన్షన్. ఊరు మాత్రమే చూస్తే చాలనుకునేవాళ్లకి రైలే హాయి. కానీ రాళ్ల దగ్గరికి వెళ్లే సిటీ బస్సు మాకు దొరకలేదు. మొదటిసారి టాక్సీ అడిగితే రానూపోనూ, పైగా అక్కడ మా కోసం ఆగినందుకూ కలిపి చెప్పిన డబ్బులు విని వెనక్కి తగ్గాం. ఆ రోజంతా ఏదో వదిలేశామన్న బాధ ఉండింది.

కారైతే దాదాపు 170 కిలోమీటర్లు. వాలెన్సియా హైవే పట్టుకుని తరంకోన్ దాకా వెళ్లి, అక్కడ క్వెంకా వైపు తిరగాలి. గంటా ముప్పావు పడుతుంది, దారిలో టోల్ లేదు. మా ఆయన ఇక్కడ మళ్లీ పరీక్షలు రాసి స్పెయిన్ లైసెన్స్ తీసుకున్నారు కాబట్టి మాకు ఇబ్బంది లేకపోయింది. ఇండియా నుంచి చూడటానికి వచ్చేవాళ్లు మాత్రం బయల్దేరేముందే మన ఆర్టీవో ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ చేయించుకుని రావాలి. కారు అద్దెకిచ్చే చోట మాకు ఒక చేదు అనుభవం ఎదురైంది. బుక్ చేసినప్పుడు చూపించిన ధర ఒకటి, కౌంటర్‌లో ఇన్సూరెన్స్ పేరుతో కలపబోయింది ఇంకొకటి. వద్దంటే క్రెడిట్ కార్డు మీద పెద్ద మొత్తం బ్లాక్ చేశారు. వారం తర్వాత వదిలారు గానీ, ఆ వారమంతా మనసు అక్కడే ఉంది. కార్డులో సరిపడా లిమిట్ ఉందో లేదో ముందే చూసుకోండి. కారు చుట్టూ తిరిగి ప్రతి గీతకీ ఫొటో తీసుకున్నాకే తాళం చేతికి తీసుకోండి.

క్వెంకాలో ఆగకుండా ఊరు దాటి, హూకార్ నది వెంట పైకి పోయాం. అక్టోబరులో ఆ నది ఒడ్డున చెట్లన్నీ పసుపు రంగులోకి తిరుగుతాయి. రోడ్డుకి రెండు పక్కలా ఎర్రటి, బూడిద రంగు రాతి గోడలు, మధ్యలో పసుపు చెట్ల వరుస, కింద ఆకుపచ్చ నీళ్లు. వియాల్బా అనే పల్లె దాటగానే రోడ్డు పక్కన ‘వెంతానో దెల్ దియాబ్లో’ ఉంది, అంటే సైతాను కిటికీ. కొండలో గుహలా తొలిచినట్టుండే రంధ్రంలోంచి కింద లోయ కనిపిస్తుంది. టికెట్ లేదు, ఐదు నిమిషాల నడక. రెయిలింగ్ ఉంది కానీ చిన్నపిల్లల చేయి వదలకూడదు.

అమ్మ అక్కడ లోయ వైపు కాదు, ఆకాశం వైపు చూసింది. రెక్కలు ఆడించకుండా పెద్ద పక్షులు గుండ్రంగా తిరుగుతున్నాయి. “ఏమ్మా, అవి రాబందులు కదూ?” అంది. అవును, అవి రాబందులే. యూరప్‌లోని రాబందుల్లో ఎక్కువ భాగం స్పెయిన్‌లోనే ఉన్నాయి. మన దగ్గర పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందు వల్ల తొంభైలలో అవి ఎలా తుడిచిపెట్టుకుపోయాయో తెలిసిందే. ఆ మందు ఉన్న కళేబరం తింటే వాటి కిడ్నీలు పాడైపోతాయి. 2006లో పశువులకి ఆ మందు వాడకాన్ని నిషేధించారు కానీ అప్పటికే చాలా ఆలస్యమైంది. “మా చిన్నప్పుడు ఊరి బయట గుంపులుగా కూర్చునేవి. జటాయువు జాతి కదమ్మా, చూసి ఎన్నేళ్లయిందో” అని అమ్మ చాలాసేపు అక్కడే నిలబడింది. ఆవిడ కదిలేదాకా మేమూ తొందరపెట్టలేదు.

అక్కడి నుంచి కొంచెం ముందుకెళ్లి కుడివైపు కొండెక్కితే ‘సియుదాద్ ఎంకాంతాదా’ వస్తుంది. మంత్రం వేసిన నగరం అని అర్థం. సుమారు 1500 మీటర్ల ఎత్తులో, పైన్ చెట్ల మధ్య ఉంటుంది. 1929 నుంచి రక్షణలో ఉన్న ప్రాంతం. మాడ్రిడ్‌లో చొక్కాతో తిరిగినవాళ్లకి ఇక్కడ స్వెట్టర్ కావాలి. తలా ఐదారు యూరోల టికెట్, లోపల మూడు కిలోమీటర్ల చుట్టు దారి. బాణాల గుర్తులు స్పష్టంగా ఉన్నాయి, తప్పిపోయే భయం లేదు. తాపీగా నడిస్తే గంటన్నర, అమ్మతో మాకు రెండు గంటలు పట్టింది. దారి చాలావరకు చదునే, అక్కడక్కడా వేర్లు, రాళ్లు అడ్డొస్తాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కర్ర పట్టుకుంటే నడవగలరు. వీల్‌చైర్ మాత్రం కష్టం.

లోపలికి వెళ్లగానే ‘తోర్మో ఆల్తో’ కనిపిస్తుంది. సన్నటి కాలి మీద పెద్ద తలకాయ మోస్తున్నట్టుండే రాయి. ఆ తర్వాత ఓడలు, తాబేలు, వంతెన, ఏనుగు మొసలి కొట్లాట అని బోర్డుల మీద పేర్లు రాసి ఉన్నాయి. కొన్నిట్లో ఆ ఆకారం వెంటనే కనిపిస్తుంది, కొన్నిట్లో ఎంత చూసినా కనిపించదు. నాకు అన్నిటికన్నా నచ్చింది ‘రాతి సముద్రం’. అలలు లేచి ఉన్నపళంగా రాయైపోయినట్టు ఉంటుంది ఆ మైదానం.

అది ఒకప్పుడు నిజంగానే సముద్రం అడుగు. సుమారు 9 కోట్ల ఏళ్ల కిందట అక్కడ పేరుకున్న సున్నపు పొరలు తర్వాత కొండలుగా పైకి లేచాయి. వాన నీళ్లలో కలిసే కొద్దిపాటి ఆమ్లం సున్నపురాయిని కరిగిస్తుంది. చలికాలంలో పగుళ్లలో నీళ్లు గడ్డకట్టి రాతిని చీలుస్తాయి. పై పొర గట్టిది, కింది పొర మెత్తనిది. కిందిది త్వరగా అరిగిపోయి పైది గొడుగులా మిగిలింది.

ఇదంతా నేను అమ్మకి చెప్పబోతుంటే ఆవిడ అప్పటికే రాయిని అరచేత్తో తడుముతోంది. అమ్మ పుట్టిల్లు బేతంచెర్ల వైపు. ఆ ఇంట్లో నేల, అరుగు, దొడ్డి గోడ అన్నీ నాపరాళ్లే. “ఇది మన నాపరాయికి చుట్టమేనమ్మా. బెలూం గుహల్లోనూ నీళ్లే కదా రాతిని తొలిచింది. అక్కడ భూమి లోపల చేసిన పని ఇక్కడ పైన చేసింది” అంది. ఇంతకన్నా బాగా గైడు కూడా చెప్పలేడనిపించింది.

గేటు బయట పైన్ చెట్ల కింద, తెచ్చుకున్న పులిహోర, పెరుగన్నం తిన్నాం. ఎదురుగా తినే చోటు ఉంది కానీ అమ్మ శాకాహారి, ఆవిడ కోసం డబ్బాలు కట్టుకెళ్లాం. ఊళ్లో తినాలనుకునే శాకాహారులు ‘పిస్తో’ అడగండి. టమాటా, క్యాప్సికం, ఉల్లిపాయ, గుమ్మడి జాతి కాయ కలిపి మగ్గబెట్టిన కూర అది. గుడ్డు వద్దని విడిగా చెప్పాలి. మాంసం వద్దంటే సరిపోదు, పంది హామోన్ ముక్కలు కొన్నిచోట్ల మాంసం లెక్కలోకి రావు. “సిన్ కార్నే, సిన్ పెస్కాదో, సిన్ హామోన్” (మాంసం, చేప, హామోన్ లేకుండా) అని మూడూ చెప్పండి. మాంసం తినేవాళ్లకి ఇక్కడ ‘సరాహోస్’ ఉంటాయి. గొర్రెపిల్ల పేగుల్ని ద్రాక్ష పుల్లకి చుట్టి వేయించినవి. బోటీ ఇష్టమైనవాళ్లకి పరాయి రుచి అనిపించదు. మా ఆయన మొదటిసారి వెళ్లినప్పుడు రెండు ప్లేట్లు తిన్నారు.

మధ్యాహ్నం రెండున్నరకి ఊరు చేరాం. కారుని కింద కొత్త ఊళ్లో వదలకండి. పాత ఊరికి పైకొసన కోట పేట, ‘కాస్తియో’, ఉంది. అక్కడ పెట్టుకుని కిందికి దిగుతూ చూడండి. కింద నుంచి ఎక్కితే ఆ ఎత్తు వయసైనవాళ్లని కూర్చోబెట్టేస్తుంది. శని ఆదివారాలు చోటు దొరకడం కష్టం, మేం మంగళవారం వెళ్లాం కాబట్టి దొరికింది.

పైనుంచి చూడగానే ఊరి పటం మొత్తం అర్థమైంది. అటు హూకార్, ఇటు వేకార్, రెండు నదులు రెండు వైపులా కోసిన లోయలు. మధ్యలో మిగిలిన సన్నటి రాతి వెన్ను మీద ఇళ్లు. మొదటిసారి ఇది నాకు తట్టనేలేదు, అందమైన ఇళ్లనుకుని ఫొటోలు తీసుకుని వెళ్లిపోయాను. పొద్దున ఆ రాళ్ల మధ్య తిరిగొచ్చాక, నీళ్లు వదిలేసిన చోట మనుషులు ఇళ్లు కట్టుకున్నారని కళ్లకి కట్టింది. చోటు లేక ఇళ్లు పైకి పెరిగాయి. 8వ అల్ఫోన్సో వీధిలో మూడు నాలుగు అంతస్తులుగా కనిపించే ఇల్లు, వెనక లోయ వైపు నుంచి చూస్తే పదీ పన్నెండు అంతస్తులుంటుంది.

ఆ వీధికి పేరున్న రాజు అల్ఫోన్సో 1177లో ముస్లిం పాలకుల నుంచి ఈ ఊరు గెలిచాడు. ఆ తర్వాత మొదలైన కథీడ్రల్ (పెద్ద చర్చి) ఊరి ప్రధాన కూడలి ప్లాసా మయోర్‌లో ఉంది. 1902లో గంట గోపురం కూలి ముందు భాగం దెబ్బతింటే మళ్లీ కట్టారు, అది ఇప్పటికీ అసంపూర్తిగానే కనిపిస్తుంది. లోపలికి టికెట్ కొని వెళ్లండి, ఆ డబ్బులు వృథా కావు. గోడలు పాతవి, కిటికీల రంగుటద్దాలు మాత్రం ఇరవయ్యో శతాబ్దం చివరివి, బొమ్మల్లేని ఉత్త రంగులు. మధ్యాహ్నం ఎండ పడితే నేలంతా నీలం, నారింజ ముక్కలు పరిచినట్టుంటుంది.

వేలాడే ఇళ్లు, ‘కాసాస్ కోల్గాదాస్’, ఒకప్పుడు ఎక్కువే ఉండేవట, ఇప్పుడు మూడే మిగిలాయి. వాటి చెక్క వసారాలు లోయ మీదికి చొచ్చుకొచ్చి ఉంటాయి. లోపల 1966లో పెట్టిన నైరూప్య చిత్రకళా మ్యూజియం ఉంది. మనీలాలో పుట్టిన చిత్రకారుడు ఫెర్నాందో సోబెల్ తన సొంత సేకరణతో మొదలుపెట్టాడు. ఊరి రైల్వే స్టేషన్‌కి ఆయన పేరే పెట్టారు. చిత్రకారుడి పేరుతో స్టేషన్ ఉన్న ఊరంటే నాకు గౌరవం. ప్రవేశం ఉచితం, సోమవారం సెలవు, మధ్యాహ్నం కొన్ని గంటలు మూసేస్తారు, ఆదివారం మధ్యాహ్నం తర్వాత తెరవరు. ఈ టైమింగ్స్ చూసుకునే రోజు ప్లాన్ చేసుకోవాలి.

ఇళ్లని మ్యూజియం ముందు నిలబడి చూస్తే కనిపించవు, సాన్ పాబ్లో వంతెన మీదికి వెళ్లాలి. పాత రాతి వంతెన కూలిపోయాక 1902లో ఇనుముతో కట్టారు. కింద చెక్క పలకలు, లోయ 40 మీటర్ల లోతు. అమ్మ సగం దాకా వచ్చి ఆగిపోయింది. మా ఆయన వెనక్కి వెళ్లి, “నా చెయ్యి పట్టుకోండి అత్తయ్యా, కిందికి చూడకండి, ఎదురుగా చూస్తూ రండి” అని నడిపించారు.

అవతలి ఒడ్డున ఉన్న పాత మఠం ఇప్పుడు ప్రభుత్వ హోటల్, ‘పరదోర్’. గదులు ఖరీదే. కానీ కాఫీ తాగి మఠం వసారాలో కాసేపు కూర్చోవచ్చు. ఒక రాత్రి ఉండగలిగితే, తల్లిదండ్రులతో వచ్చినవాళ్లకి నేను చెప్పేది ఇదే, లోపల లిఫ్టు ఉందో లేదో అడిగి మరీ. పాత ఊళ్లో చిన్న బసలు ముచ్చటగా ఉంటాయి కానీ చాలావాటికి మెట్లే దిక్కు, సామాను చేత్తో మోయాలి. కొత్త ఊళ్లో గదులు చవక, ప్రతిసారీ ఆ ఎత్తెక్కాలి.

తిరిగి వస్తూ ‘అలహూ’ కొన్నాం. తేనె, బాదం కలిపి రెండు పల్చటి అప్పచ్చుల మధ్య నొక్కిన మిఠాయి, అరబ్బుల కాలం నుంచి వస్తోంది. అమ్మ ఒక ముక్క కొరికి, “మన చిక్కీ మెత్తగా ఉంటే ఇలాగే ఉంటుంది” అని, పక్కింటివాళ్ల కోసం ఇంకో రెండు కట్టించుకుంది. కోట పేటకి చేరేసరికి పొద్దు వాలుతోంది. కారు ఎక్కబోతూ ఆవిడ మళ్లీ పైకి చూసింది. వేకార్ లోయ మీద రెండు రాబందులు గూటివైపు దిగుతున్నాయి.