నెగిటివ్ తల్లికి ఏది మేలు: కడుపులోని బిడ్డ గ్రూపు టెస్టా, ఏడో నెల సూదా?

తెల్ల పలక మీద మూడు చుక్కల రక్తం వేస్తాం. ఒకదానికి నీలం మందు, ఇంకోదానికి పసుపు మందు, మూడోదానికి నీళ్లలా ఉండే యాంటీ-డి. పుల్లతో కలిపి పలకను అటూ ఇటూ వంచినప్పుడు మూడో చుక్క రవ్వలు రవ్వలుగా విరిగితే పాజిటివ్. నల్లగొండలో నేను పనిచేసే ల్యాబుకు దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒకామె రక్తం విరగలేదు. తొలి కాన్పు, నాలుగో నెల. వెంట వచ్చిన అత్తమ్మ అడిగింది: "సారూ, తల్లి రక్తంలనే బిడ్డ గ్రూపు తెలుస్తదట గదా. అది చేపిద్దామా, సూది ఏపిద్దామా?" ఆమె అన్న సూది యాంటీ-డి ఇంజెక్షన్. నెగిటివ్ తల్లి కడుపులో పాజిటివ్ బిడ్డ ఉంటే, బిడ్డ రక్తం కలిసి తల్లి ఒంట్లో యాంటీబాడీలు తయారై తర్వాతి బిడ్డ రక్తాన్ని దెబ్బతీయొచ్చు. అవి తయారవకుండా ఆపేదే ఈ సూది.

"ముందు మీ కొడుకు గ్రూపు చూద్దామమ్మా" అన్నాను. అన్నిటికన్నా చవక అదే. అతనూ నెగిటివ్ అయితే బిడ్డా నెగిటివే, ఇక గొడవ లేదు. చూస్తే అతనిది 'ఓ' పాజిటివ్ గ్రూపు.

ఆమె విన్నది నిజమే. బిడ్డ డీఎన్ఏ ముక్కలు తల్లి రక్తంలో తిరుగుతుంటాయని 1997లో డెనిస్ లో అనే శాస్త్రవేత్త బృందం చూపింది. రక్తాన్ని పాజిటివ్ చేసే ఆర్‌హెచ్‌డి జన్యువు నెగిటివ్ తల్లికి సాధారణంగా ఉండనే ఉండదు. ఆమె రక్తంలో అది కనిపించిందంటే బిడ్డదే. సుమారు 11 వారాలు దాటాక చేస్తే ఫలితం నమ్మదగ్గది. మరీ ముందు చేస్తే బిడ్డ డీఎన్ఏ చాలక, పాజిటివ్ బిడ్డను కూడా నెగిటివ్ అనే ప్రమాదం ఉంది.

డెన్మార్క్ 2010లోనే దీన్ని నెగిటివ్ తల్లులందరికీ పెట్టింది. అక్కడ నెగిటివ్ తల్లుల్లో దాదాపు 40 శాతం మంది బిడ్డలు నెగిటివే. వాళ్లకు సూది దండగ, పైగా ఆ మందు దాతల ప్లాస్మా నుంచి తీసేది. మన దగ్గర లెక్క వేరు. నెగిటివ్ వాళ్లే నూటికి ఐదుగురు దరిదాపు, భర్తలు ఎక్కువగా పాజిటివే, కాబట్టి టెస్టు వల్ల సూది తప్పే తల్లులు తక్కువ. శాంపిల్ హైదరాబాద్ పోవాలి, ఖర్చు సూది కన్నా ఎక్కువ. తొలి కాన్పు, ఐసీటీ (తల్లి రక్తంలో ఆ యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే పరీక్ష) నెగిటివ్ అయితే నేను సూదికే ఓటేస్తాను. 28 వారాలకు 300 మైక్రోగ్రాములు, బిడ్డ పాజిటివ్ అయితే కాన్పైన 72 గంటల్లోపు మరోటి. ఐసీటీకి రక్తం మాత్రం సూదికి ముందే ఇవ్వాలి, తర్వాత ఇస్తే సూది మందే అందులో కనబడి కంగారు పెడుతుంది.

ఐసీటీ పాజిటివ్ వచ్చిన వాళ్ల సంగతి పూర్తిగా వేరు. ఒంట్లో యాంటీబాడీలు అప్పటికే తయారయ్యాయి, ఇక ఆ సూది పనిచేయదు. భర్త పాజిటివ్ అయినా అతనిలో ఒక జన్యువే ఉంటే బిడ్డ నెగిటివ్ అయ్యే అవకాశం సగం. ఇక్కడ మాత్రం ఎంత ఖర్చైనా టెస్టే మేలు. బిడ్డ నెగిటివ్ అని తేలితే బిడ్డకు రక్తం తగ్గిందేమోనని పదేపదే డాప్లర్ స్కాన్‌కు హైదరాబాద్ బస్సెక్కే పని లేదు. ఒకప్పుడు ఇది తెలుసుకోవాలంటే పొట్టలోకి సూది పెట్టి ఉమ్మనీరు తీసేవాళ్లు. అందులో గర్భం పోయే ముప్పు కొంత ఉంది, తల్లి ఒంట్లో యాంటీబాడీలు ఇంకా పెరిగే ముప్పూ ఉంది. గ్రూపు కోసమే దాన్ని ఎంచుకోవడానికి ఇప్పుడు నాకు కారణం కనబడదు.

సూదిలో లోపం మందులో లేదు, మన తిరుగుడులో ఉంది. 28 వారాలంటే ఏడో నెల. సరిగ్గా అప్పుడే శ్రీమంతం, తల్లిగారింటికి ప్రయాణం. కార్డు అత్తగారింటి బీరువాలో ఉండిపోతుంది, అక్కడి నర్సుకు గ్రూపు తెలియదు. ఇలా సూది తప్పిపోయి, రెండో కాన్పుకు ఐసీటీ పాజిటివ్‌తో వచ్చిన వాళ్లను చూశాను.

దేవరకొండ ఆమె ఐసీటీ నెగిటివే వచ్చింది. తల్లిగారిల్లు మిర్యాలగూడ దగ్గరట. కార్డు మీద ఎర్ర పెన్నుతో గ్రూపు, 28 వారాలు నిండే తారీఖు రాసి, కింద "బొడ్డుతాడు రక్తం గ్రూపు చూడాలి, 72 గంటలు" అని రాశాను. ఫోన్‌లో ఫొటో తీసి వాళ్లమ్మకు పంపమన్నాను. నా ముందే పంపింది.