మాస్ గెయినర్ డబ్బా: పదహారేళ్ల ఫుట్‌బాల్ ఆటగాడి అమ్మ వేసిన లెక్క

మా వాడికి పదహారేళ్లు. ఎత్తు 178 సెంటీమీటర్లు, బరువు 55 కిలోలు. వింగ్‌లో, అంటే మైదానం అంచు వెంబడి, ఆడతాడు. పరుగు ఉంది, బంతి మీద పట్టు ఉంది. కానీ అవతలి డిఫెండర్ భుజం ఆనిస్తే చాలు, బంతి ఒక వైపు, వీడొక వైపు. "ఇంకో నాలుగైదు కిలోలు పెరిగితే బాగుంటుంది" అన్నారు వాళ్ల కోచ్. ఆ మాట మా తమ్ముడి చెవిన పడింది. మర్నాటికల్లా మూడు కిలోల మాస్ గెయినర్, అంటే బరువు పెంచే పొడి, డబ్బా మా ఇంట్లోకి వచ్చి కూర్చుంది. మేనమామ ప్రేమగా తెచ్చింది, వద్దనడానికి లేదు.

కంపెనీ పేరు రాయడం లేదు. ఈ రకం డబ్బాలు నాలుగైదు తిప్పి చూశాను, వెనక రాతలు అన్నిటి మీదా దాదాపు ఒకటే. కాబట్టి మీరు కొనబోయేది ఏదైనా ఈ రివ్యూ చాలావరకు పనికొస్తుంది. నా లెక్కలో దీనికి ఐదుకి రెండు స్టార్లు. చెత్త సరుకని కాదు. మా వాడికి కావలసింది ఒకటి, డబ్బాలో ఉన్నది ఇంకొకటి.

డబ్బా ముందు వైపు ఇంతేసి అక్షరాలతో "1,250 కేలరీలు, 50 గ్రాముల ప్రోటీన్" అని ఉంది. వెనక్కి తిప్పితే ఆ లెక్క ఒక్క సర్వింగ్‌దని, సర్వింగ్ అంటే 330 గ్రాములని చిన్న అక్షరాల్లో ఉంది. 330 గ్రాముల పొడి అంటే ఎంతో నాకూ అంచనా లేక వంటింటి కాటా మీద పెట్టాను. లోపల ఇచ్చిన పెద్ద స్కూప్‌తో రెండుసార్లు, అదీ కుప్పగా పోస్తే గానీ ముల్లు అక్కడిదాకా రాలేదు. అలా తాగితే మూడు కిలోల డబ్బా తొమ్మిది సర్వింగ్‌లకి ఖాళీ. బయట నుంచి చూస్తే నెల రోజులు వచ్చేలా కనిపిస్తుంది.

ఇక పదార్థాల జాబితా. ఏది ఎక్కువుంటే దాని పేరు ముందు రాస్తారు. మొదటి పేరు మాల్టోడెక్స్‌ట్రిన్. అంటే పిండి పదార్థాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి తయారుచేసిన పొడి. 330 గ్రాముల్లో 250 గ్రాములు కార్బోహైడ్రేట్లే, అందులోనూ చాలావరకు ఇదే. పాల నుంచి తీసిన వే ప్రోటీన్ పేరు దాని తర్వాతే వస్తుంది. ఇంకో తమాషా చూడండి. "చక్కెరలు" అన్న గడిలో 20 గ్రాములే ఉంటుంది. అబద్ధమేమీ కాదు, లేబుల్ లెక్కలో మాల్టోడెక్స్‌ట్రిన్ చక్కెర కిందకి రాదు. కానీ ఒంట్లోకి వెళ్లాక అది రక్తంలో చక్కెరని గ్లూకోజ్‌తో సమానంగా పెంచేస్తుంది. "చక్కెర తక్కువే కదా" అనుకుని కొనేవాళ్లు పైనున్న మొత్తం కార్బోహైడ్రేట్ల గడి కూడా చూడాలి.

కలపడం సంగతి. అర లీటరు నీళ్లలో కలపమని రాశారు. షేకర్‌లో ఎంత ఊపినా అడుగున ఉండలు ఉండలుగానే మిగిలింది, పైన నురగ. మిక్సీలో వేస్తే కలిసింది గానీ సిమెంట్ పాలు కలిపినట్టు చిక్కగా తయారైంది. రుచి చాక్లెట్టే, కాకపోతే తీపి మరీ ఎక్కువ, తాగాక చాలాసేపు నాలుక మీదే ఉంటుంది. మా వాడు మొదటిసారి పంతం కొద్దీ గ్లాసు ఖాళీ చేసి ప్రాక్టీస్‌కి వెళ్లాడు. వార్మప్ అయ్యేసరికే పొట్ట ఉబ్బరం, సగంలో కూర్చుండిపోయాడు. వే ప్రోటీన్ కాన్సన్‌ట్రేట్‌లో లాక్టోజ్ అనే పాల చక్కెర ఉంటుంది, పాలు పడనివాళ్లకి ఇంకా ఇబ్బంది. పాలు బాగానే పడే మా వాడికే ఇంత పొడి ఒక్కసారిగా పోస్తే అరగలేదు.

అసలు నష్టం పొట్ట ఉబ్బరం కాదు. ఆ రాత్రి వాడు అన్నం ముట్టలేదు. "కడుపు నిండుగా ఉందమ్మా" అన్నాడు. పొద్దున లేచాక కూడా అదే మాట. డబ్బాతో 1,250 కేలరీలు లోపలికి వెళ్తే, రెండు పూటల భోజనం బయటే ఉండిపోయింది. తీసివేతలు చేసి చూస్తే మిగిలింది పెద్దగా ఏమీ లేదు. భోజనంతో పాటు ఇనుము, కాల్షియం, పీచు కూడా పోయాయి. తొమ్మిది నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకి రోజుకి 1,300 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి, ఎముకలు గట్టిపడే వయసది. పిండి పొడి ఆ పని చెయ్యదు.

అక్కడే ఆపి, మా డాక్టరు గారి దగ్గరకి తీసుకెళ్లాను. నిజానికి ఏ డబ్బా కొన్నా కొనకపోయినా చేయవలసిన మొదటి పని ఇదే. ఆవిడ ముందు అడిగినవి ఇవి: బరువు ఈ మధ్య తగ్గిందా, ఎత్తు ఎదగడం ఆగిందా, దాహం, మూత్రం ఎక్కువగా ఉన్నాయా, తరచూ కడుపునొప్పి, విరేచనాలు ఉన్నాయా, గుండె దడ ఉందా. థైరాయిడ్, షుగర్, పేగుల జబ్బులు కూడా పిల్లల్ని సన్నగా ఉంచుతాయట. ఏవీ లేవని తేలాక, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన పెరుగుదల చార్టు మీద వాడి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె) పెట్టి చూపించారు. 17.4. సగటు గీత కన్నా కిందే, కానీ మామూలు పరిధిలోనే. "ముందు ఎత్తు పెరుగుతారు, కండ తర్వాత పడుతుంది, మగపిల్లల్లో ఇది మామూలే" అన్నారు. మా వాడి మొహంలో టెన్షన్ సగం అక్కడే దిగిపోయింది. నాదీ దిగిందనుకోండి.

ఆవిడ చెప్పిన లెక్కలోంచే డబ్బాకి నేను మార్కులు వేస్తున్నాను. రోజూ ప్రాక్టీస్ చేసే ఈ వయసు అబ్బాయికి 3,000 కేలరీలు దాటి కావడం సాధారణం. బరువు పెరగాలంటే ఇప్పుడు తినేదానికి రోజుకి 300 నుంచి 500 కేలరీలు కలిపితే సరిపోతుంది. వారానికి పావు కిలో నుంచి అర కిలో పెరిగితే చాలు, అంతకు మించి తొందరపడితే పెరిగేది ఎక్కువగా కొవ్వే. వింగ్‌లో పరిగెత్తేవాడికి అది అదనపు మోత. ఇక ప్రోటీన్. ఆటగాళ్లకి శరీర బరువులో కిలోకి 1.2 నుంచి 2 గ్రాములు అంటారు. 55 కిలోలకి 66 నుంచి 110 గ్రాములు. వాడు రోజంతా తినే గుడ్లు, పాలు, చికెన్, పప్పుదినుసులు రాసి చూస్తే 70 గ్రాములు దాటుతూనే ఉంది. అంటే మా వాడికి తక్కువైంది ప్రోటీన్ కాదు, మొత్తం తిండే. స్కూలుకి, ప్రాక్టీస్‌కి మధ్య ఏమీ తినకుండా పరిగెత్తుతున్నాడు. ఆ ఖాళీ దగ్గర ఉంది చిక్కంతా.

300 కేలరీలు కావాలంటే ఈ పొడి సర్వింగ్‌లో పావు వంతు చాలు. అందులో 12 గ్రాముల చిల్లర ప్రోటీన్ వస్తుంది. వెన్న తీయని పాలు అర లీటరు తాగితే కూడా కేలరీలు దగ్గరదగ్గర 300, ప్రోటీన్ 16 గ్రాములు, పైగా కాల్షియం. ఈ లెక్క కాగితం మీద వేసి మా తమ్ముడికి చూపిస్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అక్కా, పాలకి డబ్బా మీద కండల బొమ్మ ఉండదు కదా" అన్నాడు. ఆ మాటా నిజమే.

సగం సర్వింగ్‌కి పోటీగా ఇంట్లో చేసింది ఇది: 300 మిల్లీలీటర్ల పాలు, ఒక అరటిపండు, 40 గ్రాముల ఓట్స్, రెండు టేబుల్ స్పూన్ల పీనట్ బటర్. ఓట్స్‌ని ముందు పొడిగానే మిక్సీలో తిప్పాలి, లేకపోతే పలుకులు గొంతులో తగులుతాయి. తర్వాత మిగతావి వేసి ఒక నిమిషం. అన్నీ కలిపితే సుమారు 620 కేలరీలు, 23 గ్రాముల ప్రోటీన్. డబ్బాలో సగం సర్వింగ్‌కి 625, 25. తేడా ఏమీ లేదన్నమాట. మా వాడు ఇది సగం ప్రాక్టీస్ అయిన వెంటనే, సగం పడుకునే ముందు తాగుతాడు. భోజనానికి ముందు మాత్రం ఇవ్వను. వేరుశనగ పడని పిల్లలుంటే పీనట్ బటర్ జోలికి పోవద్దు, అది వేరే ప్రమాదం.

లేబుల్ మీద ఇంకో రెండు విషయాలు ఉన్నాయి. అవి కనపడ్డాకే రెండో స్టార్ మీద కూడా చెయ్యి వణికింది. ఒకటి, "18 ఏళ్ల లోపు వారికి కాదు" అన్న వాక్యం. డబ్బా అంచున, బార్‌కోడ్ పక్కన, భూతద్దం పెట్టి వెతికితే కనపడేంత. ఆటలాడే పిల్లలకే కదా ఎక్కువగా అమ్ముడుపోయేది! రెండోది, జాబితా చివర్లో క్రియాటిన్, అంటే కండరాల బలం కోసం ఆటగాళ్లు వాడే పదార్థం. పెద్దవాళ్లలో దాని మీద పరిశోధన చాలా ఉంది, సురక్షితమనే అంటారు. కానీ పద్దెనిమిది లోపు పిల్లల మీద సరైన పరిశోధన తక్కువ. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో ఇచ్చిన నివేదికలో ఇలాంటివి ఈ వయసువాళ్లకి వద్దనే చెప్పింది. బరువు పెంచే పొడి అనుకుని కొన్నదాంట్లో అది కలిసి ఉంటుందని మా తమ్ముడికి తెలియను కూడా తెలియదు.

రాయనివి కూడా లోపల ఉండొచ్చు. జర్మనీలోని కొలోన్‌లో ఉన్న డోపింగ్ (ఆటల్లో నిషేధిత మందుల వాడకం) పరీక్షల ల్యాబ్ వాళ్లు 13 దేశాల్లో కొన్న 634 సప్లిమెంట్లు పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో 94 డబ్బాల్లో లేబుల్ మీద లేని స్టెరాయిడ్ జాతి పదార్థాలు దొరికాయి. పాత సంగతే, కానీ డోపింగ్ నియమం అప్పుడూ ఇప్పుడూ అదే: ఒంట్లో నిషేధిత పదార్థం దొరికితే బాధ్యత ఆటగాడిదే. "డబ్బా మీద రాయలేదండీ" అంటే చెల్లదు. రేపు పెద్ద టోర్నమెంట్లు ఆడాలనుకునే పిల్లాడికి ఇది చిన్న విషయం కాదు.

ఆన్‌లైన్‌లో ఇవే డబ్బాలకి "వారంలో మూడు కిలోలు పెరిగాను" అని ఐదు స్టార్ల రివ్యూలు కుప్పలుగా ఉంటాయి. కాటా అబద్ధం చెప్పకపోవచ్చు, కానీ అది కండ కాదు. కార్బోహైడ్రేట్లు ఎక్కువ తింటే కండరాల్లో గ్లైకోజన్ (ఒంట్లో దాచుకునే పిండి పదార్థం) చేరుతుంది, ఒక్కో గ్రాముతో దాదాపు మూడు గ్రాముల నీళ్లు కూడా చేరతాయి. క్రియాటిన్ కూడా నీళ్లు పట్టి ఉంచేదే. మొదటి వారం అంకె చూసి మురిసిపోయేవాళ్లలో చాలామంది రివ్యూ అప్పుడే రాసేస్తారు.

కండ పడాలంటే బరువులెత్తాలి, అది ఏ డబ్బాలోనూ దొరకదు. కోచ్ దగ్గరుండి వారానికి రెండు మూడు సార్లు స్క్వాట్లు, పుషప్‌లు, రోయింగ్ చేయిస్తున్నారు. పద్ధతి సరిగ్గా వచ్చాకే బరువు పెంచుతున్నారు. దానివల్ల ఎత్తు ఆగిపోతుందని మా అత్తగారి భయం. దగ్గరుండి నేర్పేవాళ్లు ఉంటే అలాంటిదేమీ జరగదని డాక్టరు గారు చెప్పాక గానీ ఆవిడ శాంతించలేదు. నిద్ర ఎనిమిది నుంచి పది గంటలు ఉండాలట. ఇక్కడ మా ఇంట్లో ఫోన్‌తో యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది, దాని రివ్యూ వేరే రాయాలి.

ఇప్పుడు వాడి బరువు నెమ్మదిగా కదులుతోంది. ప్రతి వారం ఒకే రోజు, పొద్దున్నే, ఏమీ తినకముందు తూస్తాం. కొన్ని వారాలు ముల్లు కదలదు, అప్పుడు సాయంత్రం స్నాక్ కొంచెం పెంచుతాను. గుడ్డు వేసిన శాండ్‌విచ్ ఒకటి బ్యాగులో పెట్టి పంపడమే ఇప్పటిదాకా బాగా పనిచేసింది. అదీ వాడు దాన్ని పక్కవాడికి పంచకుండా తింటేనే.

మరి ఆ రెండు స్టార్లు ఎందుకంటారా? ఒకటి సౌకర్యానికి. బయట ఊళ్లో మ్యాచ్ ఉండి, తినడానికి సరైనది ఏదీ దొరకని రోజు, పెద్దవాళ్లయితే పావు సర్వింగ్ పాలలో కలుపుకుని తాగడం తేలిక. రెండోది లేబుల్‌కి, చిన్న అక్షరాల్లోనైనా నిజం రాసినందుకు. మా డబ్బాలో మిగిలిన పొడి తమ్ముడే తీసుకెళ్లాడు, వాడికి ముప్పై దాటాయి, జిమ్‌కి వెళ్తాడు.

పిల్లలకి డాక్టరో, స్పోర్ట్స్ డైటీషియనో చూసి ఇలాంటిదేదైనా తీసుకోమన్నారనుకోండి, క్రియాటిన్, కెఫీన్ లేనిది, పదార్థాల జాబితా చిన్నగా ఉన్నది చూడండి. డబ్బా మీద ఇన్‌ఫార్మ్‌డ్ స్పోర్ట్ గానీ, ఎన్ఎస్ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్ గానీ ముద్ర (నిషేధిత పదార్థాల కోసం బయటివాళ్లు పరీక్షించారని చెప్పేది) ఉందా, ఆ బ్యాచ్ నంబరు వాళ్ల వెబ్‌సైట్‌లో కనిపిస్తోందా అని మీరే వెతకండి. మా డబ్బా మీద ఆ రెండు ముద్రల్లో ఏదీ లేదు.