తొట్టి అంచున తగిలించే బ్రీడింగ్ బాక్స్: పిల్లలకు మేలే, తల్లికి మాత్రం కాదు

గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ వంటి చేపలు గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లలనే కంటాయి. అయితే కన్న మరుక్షణం నుంచే ఆ పిల్లలు కన్నతల్లికి కూడా ఆహారంగానే కనిపిస్తాయి. వాటిని కాపాడేందుకు దొరికే పెట్టెల్లో ఒక రకాన్ని కొంతకాలంగా వాడుతున్నాను. ఇది అక్వేరియం అద్దానికి బయటివైపు వేలాడుతూ, ఎయిర్ పంపు సాయంతో తొట్టిలోని నీటినే తనలోకి తోడుకునే పారదర్శకమైన ప్లాస్టిక్ బ్రీడింగ్ బాక్స్. ఇందులో సుమారు రెండు లీటర్ల నీరు పడుతుంది.

ఇది పనిచేసే తీరు తేలికైనది. నిలువు గొట్టంలోకి గాలి బుడగలు చేరినప్పుడు వాటితోపాటు తొట్టి నీరు పైకి లేచి పెట్టెలో పడుతుంది; పెట్టె నిండగానే అదనపు నీరు సన్నని చీలికల గుండా పొర్లి మళ్లీ తొట్టిలోకే చేరుతుంది. విడిగా ఒక గిన్నెలో పిల్లలను పెంచితే, తినగా మిగిలిన మేత కుళ్లి, అంత తక్కువ నీటిలో అమ్మోనియా చూస్తుండగానే పెరిగిపోతుంది. ఈ పెట్టెలో ఆ చిక్కు చాలావరకు లేదు. ప్రధాన తొట్టి ఫిల్టరులో స్థిరపడిన బ్యాక్టీరియా శుద్ధి చేసిన నీరే, దాదాపు అదే వెచ్చదనంతో, పిల్లలకు నిరంతరం అందుతుంది. సక్షన్ కప్పులతో తొట్టి లోపల అంటించే వల పెట్టెకంటే దీన్ని మెరుగని చెప్పడానికి కారణం కూడా ఇదే. ఆ వల కన్నాలు కొద్దిరోజుల్లోనే నాచుతోనూ జిగటతోనూ పూడుకుపోతాయి, లోపలి నీటికి కదలిక ఉండదు.

తయారీదారులు దీన్ని ప్రధానంగా తల్లి చేప కోసమని అమ్ముతారు. లోపల రెండు పలకలను వాలుగా అమర్చితే మధ్యలో సన్నని సందు మిగులుతుంది. తల్లి పైన ఉంటే పిల్లలు ఆ సందులోంచి కింది అరలోకి జారిపోవాలన్నది ఆలోచన. ఆలోచన బాగానే ఉంది కానీ, నాలుగువైపులా అద్దంలాంటి గోడలున్న ఇరుకు చోట బంధించిన చేప బెదిరి గోడలకు కొట్టుకుంటుంది, మేత మానేస్తుంది, ఆ ఒత్తిడికి కాన్పు ఆలస్యం కావచ్చు లేదా నెలలు నిండని పిల్లలు బయటపడవచ్చు. మోలీ వంటి పెద్ద చేపల విషయంలో ఇది మరీ అన్యాయం. గప్పీలకు ఒక కాన్పుకూ మరో కాన్పుకూ మధ్య సాధారణంగా నాలుగు వారాలు పడుతుంది కనుక, పొట్ట ఉబ్బింది కదా అని వారం ముందే పెట్టెలో వేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఆ వాలు పలకలను నేను తీసి పక్కన పెట్టేశాను. తొట్టిలో ఒక మూల జావా మాస్, నీటిపై తేలే హార్న్‌వర్ట్ అనే నీటి మొక్కలను గుబురుగా పెంచి, తల్లి అక్కడే కన్నాక దాక్కున్న పిల్లలను చిన్న గ్లాసుతో నీటితో సహా ముంచి పెట్టెలోకి మార్చడమే మేలైన పద్ధతి. కొన్ని పిల్లలు పెద్ద చేపల నోట పడతాయి, నిజమే. అయినా ఒక్క కాన్పులోనే ఇరవై ముప్పై పిల్లలు పుట్టే చోట, పైగా మగచేప లేకున్నా దాచుకున్న వీర్యంతో ఆడచేప నెలల తరబడి కంటూనే ఉండే చోట, అన్నింటినీ బతికించుకోవాలన్న ఆరాటం తొట్టినే ముంచుతుంది.

మేత విషయంలో ఈ పెట్టెకు ఒక లోపం ఉంది. పుట్టిన పిల్లలు మొదటి రోజు నుంచే తినగలవు; పొడి చేసిన ఫ్లేక్స్ సరిపోతుంది, అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి చిరు రొయ్యలు) అయితే ఎదుగుదల ఇంకా బాగుంటుంది. అయితే ఆర్టీమియా పిల్లలు అర మిల్లీమీటరు పొడవు కూడా ఉండవు కనుక, ప్రవాహం జోరుగా ఉన్నప్పుడు చీలికల గుండా తొట్టిలోకి కొట్టుకుపోతాయి. ఉప్పునీటిలో ఒక రోజంతా పొదిగించి, మంచినీటితో కడిగి వేసినదంతా పెద్ద చేపలకు విందవుతుంది. గాలి గొట్టానికి చిన్న వాల్వు బిగించి, మేత వేసేటప్పుడు ప్రవాహాన్ని బాగా తగ్గించి, పావుగంట తరువాత మళ్లీ పెంచితే సరిపోతుంది. ఆ వాల్వును పెట్టెతోపాటే ఇచ్చి ఉండాల్సింది. గుడ్డు పచ్చసొన మాత్రం వద్దు, రెండు లీటర్ల నీటిని పాడు చేయడానికి చిటికెడు చాలు.

కరెంటు పోతే ప్రవాహం ఆగుతుంది, తొట్టి బయట ఉన్న పెట్టె తొట్టికంటే త్వరగా చల్లబడుతుంది. గాలి గొట్టంలో నాన్-రిటర్న్ వాల్వు (ఒకవైపుకే వదిలే వాల్వు) లేకపోతే నీరు వెనక్కి పాకి పంపులోకి దిగే ప్రమాదం కూడా ఉంది. నీరు ఆవిరై తొట్టిలో మట్టం తగ్గినా తోడే వేగం తగ్గుతుంది కనుక మట్టాన్ని గమనిస్తూ ఉండాలి. కొక్కేలు సన్నని అద్దపు అంచుకే పడతాయి, మందపాటి ప్లాస్టిక్ అంచు ఉన్న తొట్టికి ఇది పనికిరాదు.

ముప్పై గప్పీ పిల్లలకు ఈ పెట్టె రెండు మూడు వారాలు చాలుతుంది, ఆ తరువాత ఇరుకులో ఎదుగుదల మందగిస్తుంది. తొట్టిలోని పెద్ద చేపల నోట్లో పట్టనంత పెరిగాక వాటిని తొట్టిలోకి వదిలేయవచ్చు. సుమారు నెల దాటాక మగపిల్లల అడుగు రెక్క సన్నగా పుల్లలా మారడం కనిపిస్తుంది; మగవాటిని, ఆడవాటిని విడదీయాలనుకునేవారికి అప్పటికి ఇంకో తొట్టి సిద్ధంగా ఉండాలి, పెట్టెతో వచ్చే అడ్డుపలక ఆ పనికి చాలదు.